కొండ గూడల్లో సంఘం నిలబడాలంటే

ఉత్తరాంధ్రలోని సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, సాలూరు కొండలెక్కి గిరిజన గూడల్లో క్రైస్తవ సేవ చేద్దామనుకునేవాళ్లు ముందుగా మైకు, జనరేటరు, కరపత్రాల కట్టలు సర్దుకుంటారు. మొదటి ఏడాది వాటితో పని పడదు. ఒక నోటుబుక్కు, మంచి టార్చిలైటు, నీళ్లలో తడిచినా పాడవని చెప్పులు, ఆ గూడ భాష తెలిసిన ఒక మనిషి ఉంటే చాలు.

ముందు తేల్చుకోవలసింది భాష సంగతే. జాతాపు తెగవాళ్లతో తెలుగులో మాట్లాడితే చాలావరకు సరిపోతుంది. సవర తెగ భాష అలా కాదు. అది ముండా భాషా కుటుంబానిది, తెలుగుకు చుట్టం కూడా కాదు. అక్కడే వినిపించే కువి ద్రావిడ భాషే గానీ, తెలుగువాడికి అర్థమయ్యేది అందులో తక్కువ. ఒకే పంచాయతీలో ఈ గట్టున సవర గూడ, ఆ గట్టున జాతాపు గూడ ఉండొచ్చు. సంతకు దిగే మగవాళ్లు తెలుగు బాగానే మాట్లాడతారు, అక్కడే మోసపోతాం. వెనక కూర్చున్న ఆడవాళ్లూ ముసలివాళ్లూ మర్యాదకు తల ఊపుతారు తప్ప, వాక్యం వాళ్లకు ఎక్కదు. ఎక్కిందో లేదో తెలియాలంటే, కూడిక అయ్యాక ఒక పెద్దావిడను పిలిచి, విన్న కథను పక్కావిడకు వాళ్ల భాషలో చెప్పమనండి. ఆమె చెప్పలేకపోతే తప్పు మీది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర మాట తెలిసినవాణ్ని ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. ఆయన సవర నిఘంటువు అచ్చయింది 1938లో. మూడు నెలల్లో వచ్చేస్తుందని అనుకోకండి. గొంతు దగ్గర టక్కున ఆగిపోయే సవర పలుకు తెలుగు అక్షరాల్లో సరిగా ఇమడదు. కాబట్టి రాసుకున్నదాన్ని చూసి చదవకుండా, విని అనడం అలవాటు చేసుకోవాలి.

ప్రసంగాల జోలికి పోకుండా కథలు ఎంచుకోండి. సృష్టి నుంచి పునరుత్థానం వరకు ఇరవై కథలు, ఒక్కోటి అయిదారు నిమిషాలకు మించకుండా ఉంటే ఏడాదికి సరిపోతాయి. ఆ గూడవాళ్ల గొంతుతోనే రికార్డు చేసి మెమొరీ కార్డులో వేసివ్వండి. పొలం గట్టున కూర్చుని ఫోనులో వింటారు. పాటలూ అంతే. తెలుగు కీర్తనను మాట మాటకు మార్చి పాడిస్తే ఆ పూటకు పాడతారు, ఇంటికెళ్లాక మరిచిపోతారు. వాళ్ల వరసలో వాళ్లే కట్టుకున్న రెండు చరణాలు మీరు నేర్పిన పది పాటల పెట్టు. డప్పు వాడాలా వద్దా అన్నది మీరు తీర్పు చెప్పవలసిన విషయం కాదు, దాన్ని విశ్వాసులకే వదిలేయండి.

క్యాలెండరు చూసుకోకుండా కొండెక్కితే ఖాళీ గూడ కనిపిస్తుంది. సంత రోజు ఎవరూ ఉండరు. వానాకాలంలో పోడులో కలుపు, పైగా గెడ్డలు (కొండవాగులు) పొంగుతాయి. పైన వాన పడితే కింద ఎండ కాస్తున్నా నీళ్లు వచ్చిపడతాయి కాబట్టి మోకాలు దాటితే వెనక్కి తిరిగేయాలి. చోళ్లు (రాగులు), కొర్రలు పంటకొచ్చే రోజుల్లో సగం ఇళ్లవాళ్లు మంచెల మీదే పడుకుంటారు. చింతపండు, జీడిమామిడి కాలంలో పగలు ఎవరూ దొరకరు. కూడికలకు అనువైనవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు రాత్రులు, ఆడవాళ్లు నీళ్లు తెచ్చి పొయ్యి దించాక. ఆదివారం పది గంటల ఆరాధన పట్నం లెక్క. కొండమీద ఆదివారం రాత్రే మేలు.

మొదటిసారి వెళ్లినప్పుడు తిన్నగా ఊరి పెద్ద ఇంటికి వెళ్లి, వచ్చిన పని దాచకుండా చెప్పండి. వైద్యం పేరో చదువు పేరో చెప్పి తర్వాత బైబిలు తీస్తే ఆ మాట పది గూడలకు పాకుతుంది. అడగకుండా వీడియోలు తీయకండి. సవరల ఇళ్లలో గోడ మీద వరిపిండితో వేసిన బొమ్మలు కనిపిస్తాయి. అవి పెద్దల కోసం, దేవతల కోసం మొక్కుకుని వేయించినవి. వాటిని చేత్తో తాకడం, తుడిపేయమని సలహా ఇవ్వడం పెద్ద తప్పు. తుడవాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్లంతా, ముఖ్యంగా ఇంటి పెద్ద, తమంతట తాము తేల్చుకోవాలి. కొత్తగా నమ్మిన కుర్రాడు ఒక్కడే తుడిచేస్తే ఆ ఇంట్లో అన్నదమ్ములు విడిపోతారు.

దుప్పట్లు, బియ్యం పంచకండి. పంచినన్నాళ్లు వస్తారు, ఆపగానే మానేస్తారు. పైగా ఆశ చూపి మతం మార్చారన్న మాట పడుతుంది, ఆ మాటలో కొంత నిజం కూడా ఉంటుంది. మత ప్రచార హక్కులో ఎదుటివాణ్ని మార్చే హక్కు కలిసి లేదని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. గట్టు దాటితే ఒడిశా, అక్కడ 1967 నుంచి మతస్వేచ్ఛ చట్టం ఉంది. సాలూరు పైన కొటియా గ్రామాలు రెండు రాష్ట్రాల తగాదాలో ఉన్నాయి కాబట్టి అక్కడ ఏ నేల మీద నిలబడ్డారో తెలుసుకుని మాట్లాడాలి. ఇక గూడల్లో అందరూ అడిగేది ఒక్కటే: 'బాప్తిస్మం తీసుకుంటే ఎస్టీ సర్టిఫికెట్టు పోతుందా?' ఎస్టీ హోదా మతాన్ని బట్టి ఇచ్చింది కాదు, అందుకని పోదు. ఎస్సీల విషయంలో నిబంధన వేరు. రెండూ కలగలిపి చెప్పి జనాన్ని భయపెట్టకండి, లేని భరోసా ఇవ్వకండి.

జ్వరం దగ్గర చాలామంది సేవకులు తప్పు చేస్తారు. ప్రార్థన చేయండి, కానీ ఆశా కార్యకర్త చేత రక్తపరీక్ష అదే రోజు చేయించండి. వైవాక్సు అనే రకం మలేరియాకు మూడు రోజుల మాత్రల తర్వాత కూడా ప్రైమాక్విన్ మాత్ర మొత్తం 14 రోజులు మింగాలి. పురుగు కాలేయంలో దాక్కుంటుంది గనుక, జ్వరం తగ్గిందని నాలుగో రోజున ఆపేస్తే కొన్ని వారాలకో నెలలకో మళ్లీ వస్తుంది. అప్పుడు ప్రార్థన ఫలించలేదంటారు, లేదా నమ్మకం చాలలేదంటారు. రెండూ అబద్ధాలే. మాత్రలు మీ సంచిలోంచి మాత్రం ఇవ్వకండి.

స్థలం. షెడ్యూల్డు ఏరియాలో, అంటే గిరిజన ప్రాంతంగా ప్రభుత్వం ప్రకటించిన చోట, గిరిజనేతరుడు భూమి కొనడం 1970 నాటి ఒకటో రెగ్యులేషనుతో కుదరదు. అటవీహక్కు పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మడానికీ రాసివ్వడానికీ వీల్లేదు. తెల్లకాగితం ఒప్పందాలకు విలువ లేదు. మెళియాపుట్టి, మందస వైపు షెడ్యూలులో చేరని గిరిజన గ్రామాలు చాలా ఉన్నాయి కాబట్టి, మీ గ్రామం ఎందులోదో తహసీల్దారు కార్యాలయంలో అడగండి. మందిరం లేకపోయినా రెండు మూడేళ్లు ఒక ఇంటి అరుగు చాలు. కట్టితీరాలంటే 15 అడుగులకు 20 అడుగుల పాక వేయండి, చాపల మీద యాభై మంది పడతారు. రేకు వేయకండి, వాన పడితే పక్కవాడి మాట కూడా వినపడదు. గడ్డిగానీ పెంకుగానీ మంచిది. అడవి కలప కొట్టాలంటే ముందు అనుమతి అడగాలి. సిమెంటు బస్తా యాభై కిలోలు, దాన్ని ఎవరి తల మీద ఎక్కిస్తారో ఆలోచించుకోండి.

కింద నుంచి వచ్చే జీతం మీద బతికే సంఘ కాపరి (పాస్టరు), జీతం ఆగిన నెల దిగిపోతాడు. మొదటి ఏడాది నుంచే పిడికెడు గింజలు అలవాటు చేయండి. వండేముందు ఒక పిడికెడు పక్కకు తీస్తే యాభై గ్రాములనుకుందాం. రెండు పూటలకు వంద, నెలకు మూడు కిలోలు. పదిహేను ఇళ్లుంటే 45 కిలోల బియ్యమో చోళ్లో అవుతాయి. గింజలు దాచే పెట్టెకు రెండు తాళాలు వేసి, వాటి చెవులు రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచాలి. కాపరిని ఆ గూడలోనే వెతకండి. పెళ్లయినవాడైతే నయం. కుర్రాణ్ని రెండేళ్లు పట్నం బైబిలు స్కూలుకు పంపితే వెనక్కి రావడం కష్టం. దానికి బదులు నెలకు మూడు రోజులు, రెండేళ్ల పాటు, అక్కడే కూర్చోబెట్టి నేర్పండి.

బాప్తిస్మానికి తొందరపడకండి, కనీసం ఒక వ్యవసాయ కాలం గడవనివ్వండి. జీలుగు కల్లు, ఇప్పసారా దాటినవాడెవడో, పండక్కి తూలినవాడెవడో ఈ లోగా తెలుస్తుంది. మార్చి తర్వాత గెడ్డలు సన్నబడతాయి, బాప్తిస్మానికి మనిషిని ముంచేందుకు నడుము లోతు మడుగు ఎక్కడుందో ముందు రోజే చూసి రావాలి.

తగాదాలు రెండు చోట్ల పుడతాయి. ఒకటి 'కొత్త' పండగల, అంటే కొత్త పంట తినేముందు ఊరంతా చేసే పండగల చందా. కంది కొత్తకో మామిడి కొత్తకో ఊరంతా వేసుకునేటప్పుడు విశ్వాసులు ఇవ్వమని మొండికేస్తే, రేపు నీళ్ల ఊట దగ్గర ఊరివాళ్లు వాళ్లకు అడ్డం పడతారు. పండగకు నెల ముందే పెద్దలతో కూర్చుని, పూజకు ఇవ్వలేమని, బాటకూ ఊటకూ మాత్రం అందరికంటే ముందు వస్తామని చెప్పి, ఆ పనికి నిజంగానే పార పట్టుకుని వెళ్లాలి. రెండోది శవం. గూడలో కాల్చే ఆచారం ఉండి విశ్వాసులు పాతిపెడతామంటే, చోటు ఎక్కడన్నది మనిషి పోయిన రాత్రి తేలదు. ఇద్దరు ముగ్గురు నమ్మగానే, ఎవరికీ జబ్బు లేనప్పుడే, పంచాయతీలో ఆ మాట ఎత్తి, హద్దు ఎక్కడివరకో రాళ్లు పాతించి పెట్టుకోండి.