చేతిలో గ్యాస్ సెన్సర్, మూడో పాఠం: గ్రాఫ్ కలిసింది, మరి నంబర్?

పోయిన పాఠంలో సెన్సర్‌ని ఒక రోజంతా ఆన్‌లో ఉంచి కుదురుకోనివ్వమన్నా కదా, అది చెయ్యనివాళ్ళు ముందు అది చేసి రండి, ఎలక్ట్రోకెమికల్ సెల్ (సెన్సర్ లోపల గ్యాస్ తగిలితే కరెంటు పుట్టించే భాగం) కొత్తలో ఇచ్చే నంబర్లతో ఈ పాఠం మొదలుపెడితే అంతా వృథా.

ఈసారి పని ఒకటే, నైట్రోజన్ డయాక్సైడ్ కొలిచే మన సెన్సర్‌ని కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళ గాలి కొలిచే స్టేషన్ పక్కన పెట్టి పోల్చడం. బెంగళూరులో సిల్క్ బోర్డ్, హెబ్బాళ, పీణ్య ఇలా చాలా చోట్ల స్టేషన్లున్నాయి, రీడింగులు సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) సైట్‌లో ఎవరైనా దింపుకోవచ్చు. పర్మిషన్ అడిగి, గాలి పీల్చే గొట్టానికి దగ్గర్లో పెట్టగలిగితే మంచిది, కుదరకపోతే గోడకి ఇవతల, కానీ రోడ్డు వైపు మాత్రం వద్దు, బస్సు పొగ మీ సెన్సర్‌కి ఒక్కదానికే తగుల్తుంది. కనీసం రెండు వారాలు, నెలైతే ఇంకా మేలు. ఒక్క పూట పెట్టి చూసి కలిసిందనుకోవద్దు.

యూనిట్లు చూసుకోండి. సైట్‌లో నైట్రోజన్ డయాక్సైడ్ మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మన సెన్సర్ పీపీబీలో (వంద కోట్ల పాళ్ళ గాలిలో ఆ గ్యాస్ ఎన్ని పాళ్ళో) ఇస్తుంది. 25 డిగ్రీల దగ్గర 1 పీపీబీ అంటే ఘనమీటరుకి సుమారు 1.88 మైక్రోగ్రాములు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక ఉదాహరణ నేనే వేస్తున్నా, పేపర్ మీద చేసి చూడండి. మూడు రోజుల సగటులు, స్టేషన్‌లో 20, 40, 60 పీపీబీ, మీ సెన్సర్‌లో 35, 45, 55. ఎక్సెల్‌లో వేస్తే ఆర్ స్క్వేర్డ్ (రెండు రీడింగులూ ఎంత చక్కగా ఒకే సరళరేఖ మీద పడుతున్నాయో చెప్పే అంకె, 1 కంటే పెరగదు) సరిగ్గా 1 వస్తుంది, అబ్బ ఎంత బాగుందో అనిపిస్తుంది, కానీ ఒక్క నంబర్ కూడా కలవలేదు! వాలు 0.5, అంటే గాలిలో మార్పుని సగమే చూపిస్తోంది, పైగా గాలి శుభ్రంగా ఉన్నా 25 నుంచే మొదలవుతోంది. మధ్య రోజు చూడండి, స్టేషన్ 40 అంటే సుమారు 75 మైక్రోగ్రాములు, మన దేశంలో 24 గంటల పరిమితి 80 కాబట్టి లోపలే ఉన్నాం, మీ సెన్సర్ 45 అంటే దాదాపు 85, పరిమితి దాటేసింది. వీధిలో పిల్లల్ని ఆడుకోనివ్వాలా వద్దా అని దీన్ని చూసే నిర్ణయించుకునేవాళ్ళున్నారు, అందుకే నేను దీని దగ్గర ఇంతసేపు ఆగుతున్నా. ఆర్ స్క్వేర్డ్ ఒక్కటే చెప్పే అమ్మకపు కాగితాన్ని నేను నమ్మను, వాలు ఎంత, మొదలు ఎక్కడ, సగటు తేడా ఎంత, ఈ మూడూ అడగాలి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2021లో ఓజోన్ సెన్సర్లకి పెట్టిన లెక్కలో కూడా ఆర్ స్క్వేర్డ్ కనీసం 0.80 ఉండాలి, దానితో పాటు వాలు 0.8 నుంచి 1.2 మధ్య, మొదలు 5 పీపీబీ అటూ ఇటూ లోపల ఉండాలి.

వాలు, మొదలు నిలకడగా ఉంటే తప్పు దిద్దొచ్చు, పైదాంట్లో రీడింగ్‌లోంచి 25 తీసి 0.5తో భాగించండి, మళ్ళీ 20, 40, 60 వచ్చేస్తాయి. దిద్దలేని తప్పు వేరే ఉంది. నైట్రోజన్ డయాక్సైడ్ సెల్ ఓజోన్‌కి కూడా స్పందిస్తుంది, అడ్డుకోడానికి ఫిల్టర్ పెడతారు కానీ అది వాడేకొద్దీ అరుగుతుంది. దీన్ని పట్టుకోడం సులువు, ట్రాఫిక్ నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ పొద్దున, సాయంత్రం పెరగాలి, ఓజోన్ మధ్యాహ్నం ఎండలో పెరుగుతుంది, మీ సెన్సర్ రెండు గంటలకి ఎగబాకుతూ స్టేషన్ దిగుతుంటే అనుమానించాల్సిందే.

ఇంకోటి, ఏసీ క్యాబ్‌లోంచి ఒక్కసారిగా వాన తేమలోకి దిగితే రీడింగ్ ఎగురుతుంది. నాకు మారతహళ్ళి బ్రిడ్జి కింద ఇలాగే అయ్యి, అక్కడ గాలి విషమైపోయిందని ఇంట్లో అందరికీ చెప్పేశా, పావుగంట నిలబడి చూస్తే దానంతటదే దిగిపోయింది. అందుకే దిగిన వెంటనే వచ్చిన నంబర్లు రాసుకోవద్దు.

వచ్చే వారానికి, రెండు వారాల రీడింగుల్ని గంటల వారీగా సగటు చేసి, స్టేషన్ గీత మీ గీత ఒకే గ్రాఫ్‌లో గీయండి, ముఖ్యంగా మధ్యాహ్నం 12 నుంచి 4 మధ్య ఏం జరుగుతోందో చూసి పెట్టుకోండి, నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.