పనిలో తృప్తి, నలుగురిలో నాయకత్వం – నాలుగో పాఠం: అడిగి ఆగడం

వారం మొత్తంలో మీకు తృప్తినిచ్చిన ఒక్క పనిని నోట్‌బుక్‌లో రాయమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ పేజీ తెరిచి, ఆ పని వల్ల ఎవరి కష్టం తగ్గిందో దాని కింద రాయండి. పేరేదీ తట్టకపోతే కంగారు పడకండి. పక్కవాళ్ల కష్టం మనకు తెలియకపోవడానికి ముఖ్య కారణం మనం అడగకపోవడమే. ఈ పాఠం అడగడం గురించే.

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో నేను కొన్నాళ్లు సూపర్‌వైజర్‌గా చేశాను. ఎండాకాలంలో లారీ లోడింగ్ పొద్దున చకచకా సాగేది, మధ్యాహ్నం రెండు దాటితే నత్తనడక. హమాలీల మీద కేకలేసేవాణ్ని. వేగం పెరిగేది కాదు, సాయంత్రానికి నాకు టెన్షన్. ఏమన్నా ఇబ్బందా అని అడగకపోలేదు. "ఏం లేదు సార్, మంచిగనే ఉంది" అనేవాళ్లు. పైన నిలబడి అడిగితే వచ్చే జవాబు అదే.

ఒకరోజు వాళ్లు అన్నం తినే చోటికి పోయి, బస్తా మీద కూర్చుని, అందరిలో పెద్దాయనను అడిగాను: "అన్నా, పొద్దుగాల లేని కష్టం మధ్యాహ్నం ఏడికెల్లి వస్తుంది?" ఆయన వెంటనే పలకలేదు. మధ్యలో ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది, ఆపుకున్నాను. బీడీ సగమయ్యాక అన్నాడు: "రేకు కాలుతది సార్." లారీలోకి ఎక్కడానికి వేసిన ఇనుప రేకు! ఎండకు కాగి, వాళ్ల వట్టి పాదాలకు బొబ్బలు తెప్పిస్తోంది. నేను రోజూ దాని పక్కనే నిలబడేవాణ్ని. నా కాళ్లకు బూట్లున్నాయి.

పాత గోనెసంచులు పరిచి తాడుతో బిగించి కట్టాం. ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే మనసుకు కలిగిన తేలిక, జీతం పెరిగిన నెలలో కూడా నాకు కలగలేదు.

కాబట్టి ప్రశ్న ఒక వేళను, ఒక చోటును పట్టుకుని ఉండాలి. "పని ఎట్లుంది?" అంటే మర్యాద జవాబే వస్తుంది.

జవాబు వచ్చాక కష్టం ఎంతో కూడా అడగాలి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అప్పటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లికి వచ్చారు. దళితవాడ వాళ్లు తమకు భూమి కావాలన్నారు. ఎంత అని ఆయన అడిగితే 80 ఎకరాలన్నారు. ఆ మాటను ఊరి ముందు పెట్టినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్తానన్నారు. భూదానోద్యమం అక్కడే మొదలైంది. ఇచ్చినాయన గొప్పతనం అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ "ఎంత?" అన్న ప్రశ్న కూడా అంతే గొప్పగా కనిపిస్తుంది. పేదలకు ఏదైనా చేయండి అని ఊరుకుంటే, లేచి నిలబడేవాడికి ఎంతకని నిలబడాలో తెలియదు.

కొన్ని కష్టాలు గోనెసంచితో తీరవు. ఆలేరు దగ్గరి శారాజిపేటలో చింతకింది మల్లేశం తల్లి, చీరల కోసం ఆసు పోసి పోసి, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పి తిప్పి, భుజం నొప్పితో బాధపడేవారు. ఒక్క చీరకు చేయి వేల సార్లు ఆడించాలి. ఆయన 1992లో మొదలుపెట్టిన ఆసు యంత్రం 1999కి పూర్తయింది. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. జీవితానికి లక్ష్యం ఏమిటని అడిగేవాళ్లకు నేను మొదట ఆ భుజం గురించే చెబుతాను.

ఈ వారం అభ్యాసం: మీతో రోజూ పనిచేసే ఒక్కరిని ఎంచుకోండి, ఇంట్లో అమ్మ అయినా సరే. వాళ్లు కూర్చున్న చోటే మీరూ కూర్చోండి. రోజులో ఏ వేళ, ఏ పని దగ్గర ఒళ్లు హూనమవుతుందో అడగండి. తర్వాత నోరు విప్పకండి, సలహా అసలే ఇవ్వకండి. విన్నమాట వాళ్ల మాటల్లోనే రాసుకుని, రేపటికల్లా మీ చేతిలో ఉన్న చిన్న మార్పు ఒకటి చేయండి.

"కూలి చాలట్లేదు" అన్న జవాబు వచ్చి, అది మీ చేతిలో లేకపోతే ఏం చేయాలో ఐదో పాఠంలో చూద్దాం. ఆ జవాబు వచ్చినా కొట్టేయకుండా రాసి ఉంచండి.