పాత లాప్‌టాప్‌లో లైనక్స్, దానికో వైఫై డాంగిల్: ముందు చిప్ నంబర్ చూడండి

మా బాబాయి దగ్గర ఒక కోర్ 2 డ్యుయో లాప్‌టాప్ ఉంది. లోపలి వైఫై కార్డు పోయింది గానీ మిగతాదంతా గట్టిగానే ఉంది, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేశాక విండోస్ బదులు వాడుకునే లైనక్స్ మింట్ 21 హాయిగా నడుస్తోంది. ఆయనకి కావాల్సిందల్లా పొద్దున్నే పేపర్ చదువుకోవడం, సాయంత్రం యూట్యూబ్‌లో ప్రవచనం వినడం. అందుకోసం ఒక గోరంత యూఎస్‌బీ వైఫై డాంగిల్ తెప్పించాం. పెడితే ఏమీ జరగలేదు. డబ్బా మీద చూస్తే లైనక్స్‌కి కూడా పనిచేస్తుందనే రాసుంది. మీ దగ్గరా ఇదే పరిస్థితి అయితే డాంగిల్ వాపసు పంపే ముందు ఇవి చేసి చూడండి, చాలాసార్లు డాంగిల్ పాడైపోయి ఉండదు.

కమాండ్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.

డాంగిల్ పెట్టి, టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి, ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అని కొట్టండి, మధ్యలో ఖాళీలు ఉండవు. కొన్ని లైన్లు వస్తాయి. మీ డాంగిల్ ఏ లైనో తెలియకపోతే దాన్ని పీకేసి మళ్లీ కొట్టండి, మాయమైన లైనే మీది. ఆ లైన్లో ఐడీ అన్న మాట తర్వాత నాలుగు అక్షరాలు, కోలన్, మళ్లీ నాలుగు అక్షరాలు ఉంటాయి. మొదటి నాలుగూ కంపెనీ, తర్వాతి నాలుగూ మోడల్. ఇది కాగితం మీద రాసుకోండి, ఇక మీదట అన్నిటికీ ఇదే ఆధారం.

డబ్బా మీది పేరు నమ్ముకుంటే ఎందుకు దెబ్బ తింటామంటే, అమ్మే కంపెనీలు చిప్ తయారు చేయవు, రియల్‌టెక్ దగ్గరో మీడియాటెక్ దగ్గరో కొని తమ స్టిక్కర్ వేస్తాయి, పైగా అదే మోడల్ పేరుతో మధ్యలో చిప్ మార్చేస్తాయి. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ చాలామందికి తెలిసిన ఉదాహరణ. మొదటి వెర్షన్‌లో అథెరోస్ ఏఆర్9271 చిప్ ఉండేది, లైనక్స్‌లో పెట్టగానే పనిచేసేది. రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ 8188 చిప్ వచ్చింది, దాని కథ పూర్తిగా వేరు. ఎవరో పనిచేసిందని చెప్తే అదే పేరు చూసి కొనేసి ఇబ్బంది పడ్డవాళ్లు ఎంతోమంది.

ఇప్పుడు యూనేమ్ (యూ ఎన్ ఏ ఎం ఈ) అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, హైఫన్ ఆర్ కొడితే మీ కెర్నల్, అంటే లైనక్స్‌కి గుండెకాయలాంటి ప్రోగ్రామ్, దాని వెర్షన్ కనిపిస్తుంది. ఐడీ 148ఎఫ్:7601 అయితే అది మీడియాటెక్ ఎంటీ7601యూ, 2015లో వచ్చిన 4.2 కెర్నల్ నుంచే డ్రైవర్ (చిప్‌ని నడిపే చిన్న ప్రోగ్రామ్) లోపల ఉంది, మీరు డ్రైవర్ కోసం వెతకక్కర్లేదు. 0బీడీఏ:8179 అయితే రియల్‌టెక్ 8188ఈయూ, దీనికి 2023లో వచ్చిన 6.3 కెర్నల్ గానీ అంతకన్నా కొత్తది గానీ ఉంటే మంచిది. 0బీడీఏ:సీ811 అయితే 8821సీయూ కుటుంబం, 6.2 నుంచి కెర్నల్లోనే ఉంది. 0బీడీఏ:8812 అంటే 8812ఏయూ, దీని డ్రైవర్ కెర్నల్లోకి రావడానికి 2025 దాకా పట్టింది, 6.14 గానీ అంతకన్నా కొత్తది గానీ ఉంటే మంచిది. ఇంకా కొననివాళ్లకి నా సలహా మీడియాటెక్ చిప్ ఉన్నది చూసుకోమనే, పాత కెర్నళ్లలో కూడా గొడవ తక్కువ.

మా బాబాయి డాంగిల్‌కి ఇవేవీ రాలేదు, 0బీడీఏ:1ఏ2బీ అని వచ్చింది. ఈ నంబర్ కనిపిస్తే అస్సలు టెన్షన్ పడకండి. ఆ డాంగిల్ విండోస్ వాళ్ల కోసం డ్రైవర్‌ని తన కడుపులోనే పెట్టుకుని వస్తుంది, అందుకే మొదట తనని తాను ఒక సీడీ డ్రైవ్‌లా చూపించుకుంటుంది, వైఫైలా కాదు. ఫైల్ మేనేజర్‌లో పక్కన ఒక కొత్త డిస్క్ కనిపిస్తుంది చూడండి, దాని మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ నొక్కితే చాలాసార్లు అదే వైఫై వేషంలోకి మారిపోతుంది. మారకపోతే యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ వేసుకుని, డాంగిల్ పీకి మళ్లీ పెట్టండి. తర్వాత ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కొడితే మాకు సీ811 అని అసలు నంబర్ బయటపడింది.

ప్యాకేజీ వేసుకోవాలంటే నెట్ కావాలి, నెట్ కోసమే కదా ఈ తంటా అంతా అంటారా. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపి, సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గర యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లైనక్స్ దాన్ని వైరు కనెక్షన్ లాగా వెంటనే గుర్తిస్తుంది, ఏ డ్రైవరూ అక్కర్లేదు. ఫోన్ ఇంట్లో వైఫైకి కలిసి ఉంటే మామూలుగా ఆ వైఫై నెట్టే వస్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. టెథరింగ్ ఆప్షన్ నొక్కడానికి వీల్లేకుండా మసకగా ఉంటే కేబుల్ మార్చండి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఇళ్లల్లో చాలా ఉంటాయి.

నంబర్ బయటపడ్డా మాకు వైఫై రాలేదు, ఎందుకంటే మింట్ 21తో వచ్చేది 5.15 కెర్నల్, దీనికి కావాల్సింది 6.2. ఇక్కడే చాలామంది గిట్‌హబ్ (ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే సైట్) మీద పడి ఎవరో రాసిన డ్రైవర్ కోడ్ దించుకుని కంపైల్ చేయడం, అంటే దాన్ని నడిచే ప్రోగ్రామ్‌గా కట్టుకోవడం మొదలుపెడతారు. దయచేసి దాన్ని ఆఖరికి ఉంచుకోండి. అలా బయటినుంచి వేసిన డ్రైవర్ కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడల్లా మళ్లీ కట్టుకోవాలి, డీకేఎంఎస్ అనే టూల్ ఆ పని తనే చేస్తుంది గానీ కొత్త కెర్నల్‌తో ఆ కోడ్ కుదరకపోతే ఒకరోజు పొద్దున్నే వైఫై ఉండదు, ఊళ్లో ఉన్న పెద్దాయన ఫోన్ చేస్తే మీరు హైదరాబాద్‌లో కూర్చుని ఏం చేయగలరు? కెర్నల్ మార్చడం దానికన్నా చాలా తేలిక. మింట్‌లో అప్‌డేట్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో లైనక్స్ కెర్నల్స్‌లోకి వెళ్లి, 6.8 ఎంచుకుని వేసి, రీస్టార్ట్ చేశాం. పాత కెర్నల్ కూడా అలాగే ఉంటుంది కాబట్టి తేడా వస్తే వెనక్కి రావచ్చు. డెబియన్ 12 అనే ఇంకో రకం లైనక్స్‌లో అయితే కెర్నల్ 6.1, కొత్తది బ్యాక్‌పోర్ట్స్ (పాత వెర్షన్ వాళ్ల కోసం కొత్త ప్యాకేజీలు పెట్టే చోటు) నుంచి తెచ్చుకోవాలి.

రీస్టార్ట్ అయ్యాక మాకు నెట్‌వర్క్ పేర్లు వచ్చేశాయి. మీకు రాకపోతే సుడో (అడ్మిన్ అధికారంతో నడపమని చెప్పే మాట), ఒక ఖాళీ, డీమెస్‌జీ (డీ ఎం ఈ ఎస్ జీ) కొట్టి చివరి లైన్లు చదవండి. ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదు, ఎర్రర్ మైనస్ 2 అని ఉంటే డ్రైవర్ ఉంది గానీ చిప్‌కి ఎక్కించాల్సిన ఫైల్ లేదని అర్థం. మింట్‌లో, ఉబుంటులో లైనక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీని అప్‌డేట్ చేస్తే సరిపోతుంది, డెబియన్‌లో రియల్‌టెక్ చిప్‌లకి ఫర్మ్‌వేర్-రియల్‌టెక్ అని విడిగా వేసుకోవాలి.

అన్నీ సరిగ్గా ఉండి కూడా వైఫైని హార్డ్‌వేర్ స్విచ్ ఆపేసింది అని చూపిస్తుంటే లాప్‌టాప్ ముందు అంచునో పక్కనో తడిమి చూడండి. పాత మోడళ్లకి అక్కడ చిన్న జారుడు స్విచ్ ఉండేది. అది లోపలి కార్డు కోసం పెట్టిందే, అయినా అది ఆఫ్‌లో ఉంటే నెట్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ మొత్తం వైఫైనే ఆపేయగలదు, డాంగిల్‌తో సహా. ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొడితే హార్డ్ బ్లాక్డ్ ఎదురుగా యెస్ ఉందో నో ఉందో తెలుస్తుంది.

రూటర్‌లో 5జీ అని ఉన్న పేరు కనబడకపోతే మీ డాంగిల్ 2.4 గిగాహెర్ట్జ్‌ది మాత్రమే అయ్యుంటుంది. 150 ఎంబీపీఎస్ అని రాసినవన్నీ దాదాపు అంతే. అందులో రిపేర్ చేసేదేమీ లేదు, రెండో పేరుకి కనెక్ట్ అవ్వండి.

కనెక్ట్ అయ్యి పది నిమిషాలకోసారి పోతుంటే అది ఎక్కువగా పవర్ సేవింగ్ పని. ఈటీసీ ఫోల్డర్‌లో నెట్‌వర్క్‌మేనేజర్, అందులో కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్‌లో వైఫై పవర్‌సేవ్ పేరుతో ఒక చిన్న ఫైల్ ఉంటుంది. సుడోతో తెరిచి అందులోని 3 ని 2 చేసి సేవ్ చేసి రీస్టార్ట్ చేయండి. 3 అంటే ఆన్, 2 అంటే ఆఫ్. ఇది చేశాక బాబాయికి గంటన్నర ప్రవచనం ఒక్కసారి కూడా ఆగకుండా వచ్చింది. సిగ్నల్ ఇంకా బలహీనంగా ఉంటే ఒక అర మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి డాంగిల్‌ని లాప్‌టాప్ ఒంటికి దూరంగా, కాస్త ఎత్తులో పెట్టండి.