చిన్న తొట్టిలో ఆల్చిప్పకు ఎంత వెలుతురు కావాలి?

కాకినాడ నుంచి వీడియో కాల్‌లో మా ఉప్పునీటి తొట్టిని మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ అడిగింది: “ఆ ఆల్చిప్ప ఉడికిస్తే ఎంతమందికి వస్తుందిరా?” నాది ట్రిడాక్నా అనే పెద్ద ఆల్చిప్పల జాతిలో క్రోసియా అనే చిన్న రకం, మూడంగుళాలు కూడా లేదు. దాని మీద వేలాడే దీపం ఖరీదు చెబితే అమ్మ ఆ పూట అన్నం మానేస్తుందని చెప్పలేదు.

ముందే ఒక మాట. నేనుండేది అమెరికాలోని డల్లాస్‌లో. భారత్‌లో ఉన్నవారు ఈ పని పెట్టుకోకండి. ఈ ట్రిడాక్నా జాతిలోనే మరో రెండు రకాలైన మాక్సిమా, స్క్వామోసాలకూ, పగడాలకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఇక్కడ కూడా నేను పెంపకం కేంద్రాల్లో పుట్టినవాటినే కొంటాను.

చిప్ప తెరుచుకోగానే నెమలి కంఠం రంగులో బయటికి పరచుకునే మెత్తని కండను మాంటిల్ అంటారు. దాని నిండా కంటికి కనిపించని పాచి కణాలు అద్దెకుంటాయి. వెలుతురుతో అవి వండుకున్న చక్కెరలో ఎక్కువ భాగం ఇంటి యజమానికే చేరుతుంది. అందుకే దీపం తక్కువైతే ఆల్చిప్ప నెలల తరబడి పస్తుండి, ఒకరోజు ఉన్నట్టుండి పోతుంది.

చిన్న తొట్టివారికి చిక్కు ఇక్కడే. డెరాసా అనే ఇంకో రకం తక్కువ వెలుతురుతో సర్దుకుంటుంది, కానీ అర మీటరు దాకా పెరుగుతుంది. క్రోసియా 15 సెంటీమీటర్లు దాటదు, కానీ అందరికంటే ఎక్కువ వెలుతురు అడిగేది అదే. నా తొట్టి 20 గ్యాలన్లది, అంటే సుమారు 75 లీటర్లు. పొడవు 30 అంగుళాలు, ఎత్తు 12 మాత్రమే. నీళ్లలో లోతుకు పోయేకొద్దీ వెలుతురు తగ్గుతుంది కనుక, ఎత్తు తక్కువ కావడం వల్లే క్రోసియాకు సాహసించాను. సన్నగా, ఎత్తుగా ఉండే తొట్టి అయితే వద్దంటాను.

వెలుతురును వాట్లలో లెక్కపెట్టకండి. పాచి వాడుకోగల వెలుతురును పార్ అనే కొలతతో, మైక్రోమోల్‌లలో చూస్తారు. డెరాసాకు 150 నుంచి 200 చాలు. క్రోసియా, మాక్సిమాలకు 250కి తగ్గనివ్వను. నాది 300 దగ్గర ఉంటుంది. ఫోనులోని లక్స్ యాప్‌ను నమ్మకండి. లక్స్ మనిషి కంటికి తగ్గ లెక్క, నీలి ఎల్ఈడీ కింద అది తక్కువ చూపిస్తుంది. పార్ మీటర్ కొనడం దండగ. నేను పగడాలమ్మే దుకాణంలో రెండు రోజులకు అద్దెకు తెచ్చాను. దాని సెన్సార్‌ను నీళ్లలోకి దించి, ఆల్చిప్ప కూర్చోబోయే చోటనే, పైకి చూసేలా పెట్టి కొలవాలి. నా తొట్టిలో దీపం కింద మధ్యరాతి మీద 310 వచ్చింది. అదే రాతికి ఓ పక్కన, జానెడు దూరంలో, 140. కంటికి రెండు చోట్లా ఒకేలా ఉంది.

మొదటి క్రోసియాను నేనే చంపుకున్నాను. వెలుతురు ఇష్టం కదా అని తెచ్చిన రోజే దీపాన్ని 80 శాతానికి పెట్టి, పది గంటలు వెలిగించాను. ఐదో రోజుకు మాంటిల్ నడుమ రంగు వెలిసి, అన్నపు గంజిలా తెల్లబడింది. మూడో వారం చిప్ప నోరు తెరుచుకుని ఉండిపోయింది. దుకాణపు మసక దీపాల కింద వారాలు గడిపిన ప్రాణిని ఒక్కసారిగా మిట్ట మధ్యాహ్నపు ఎండలో కూర్చోబెట్టాను మరి.

రెండోదానికి దీపాన్ని 35 శాతంతో, రోజుకు ఆరు గంటలతో మొదలుపెట్టాను. వారానికి ఐదు శాతం, అరగంట చొప్పున పెంచుతూ ఆరో వారానికి 60 శాతం, ఎనిమిదిన్నర గంటల దగ్గర ఆపాను. మధ్యలో రంగు వెలిసినట్టు అనిపిస్తే ఒక మెట్టు దిగి వారం ఆగాలి. మాంటిల్ చిప్ప అంచులు దాటి మరీ సాగిపోతుంటే వెలుతురు కోసం వెతుక్కుంటోందని అనుమానించి మళ్లీ కొలవండి.

చోటు మార్చాల్సి వస్తే లాగకండి. అడుగున దారాలతో రాతిని పట్టుకుంటుంది. అవి పుట్టేచోట చిరిగితే బతకదు. అందుకే మొదటే గుంటున్న అరచేతి రాయి మీద కూర్చోబెట్టాను, రాయితో సహా కదపవచ్చని. దీపం కచ్చితంగా తలమీదే ఉండాలి, పక్కవాటు పనికిరాదు. దీపం కింది గాజుమీద పేరుకునే ఉప్పు మరకను ఆదివారం ఆదివారం తుడుస్తాను. రెండు వారాలు బద్ధకించి కొలిస్తే 310 కాస్తా 260 అయింది.

మా అమ్మాయి రోజూ బడికి వెళ్లేముందు తొట్టి మీదుగా చెయ్యి ఊపుతుంది. మాంటిల్ అంచున ఉన్న చుక్కల్లాంటి కళ్లకు నీడ తగలగానే చిప్ప చటుక్కున ముడుచుకుంటుంది. “నాన్నా, లేచింది!” అని అరిచి బస్సెక్కుతుంది. ఆ ముడుచుకోవడం నెమ్మదించిన రోజు నేను ఆఫీసుకు ఆలస్యంగా వెళ్తాను.