మెరానియా డచీని చార్టు మీద ఎట్లా గీయాలె

ముందు అట్లాసు మూయండి. మెరానియా డచీ (డ్యూకు అనే బిరుదున్న దొర ఏలుబడి) అనంగనే మా హనుమకొండ డిగ్రీ పిల్లలు మ్యాపుల సరిహద్దులు వెతుకుతరు, అక్కడనే గంట పోతది. పేరుకు అది ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున, ఇస్ట్రియా పక్కనున్న తీరం. ఆ డ్యూకుల అసలు ఆస్తులేమో జర్మనీ దిక్కు బవేరియాల, ఫ్రాంకోనియాల, ఇన్ నది లోయల ఉండె. అందుకే నేలను వదిలి, బిరుదును మోసిన ఇంటిని గీయండి.

చార్టు షీటు అడ్డంగా పరవండి. ఆ బిరుదు నడిచింది 1152 నుంచి 1248 దాకా, 96 ఏండ్లు. ఏడాదికి అర సెంటీమీటరు చొప్పున 48 సెంటీమీటర్ల గీత. మొదటి ఇద్దరు డ్యూకులు దాఖావ్ కొన్రాడ్, ఆయన కొడుకు కొన్రాడ్. వాళ్లకు పెన్సిలు చాలు. 1180 దాటినంక బిరుదు ఆండెక్స్ వంశపు బెర్తోల్డ్‌కు వచ్చింది. స్కెచ్ పెన్ను ఇక్కడ తియ్యండి.

బెర్తోల్డ్ కింద కొడుకులకంటే ముందు బిడ్డలను వేయండి. ఆ ఇంటి పలుకుబడంతా వియ్యాలతోనే వచ్చింది. ఆగ్నెస్‌ను 1196ల ఫ్రాన్స్ రాజు రెండో ఫిలిప్ చేసుకున్నడు. అంతకుముందు కట్టుకున్న డెన్మార్క్ ఇంగెబోర్గ్‌ను వదిలేసిండని పోప్ ఒప్పుకోలే. 1200ల ఫ్రాన్స్‌ల చర్చి సేవలే ఆపించిండు. హెడ్విగ్ సైలీషియా (ఇప్పటి పోలండ్ దిక్కు) డ్యూకు ఇంటికి పోయింది, 1267ల పునీతురాలని ప్రకటించిండ్రు. గెర్ట్రూడ్ హంగరీ రాణి. జర్మన్ చుట్టాలకు పదవులు పంచుతున్నదని కక్షగట్టిన దొరలు, రాజు యుద్ధానికి పోయిన సందు చూసి 1213ల చంపిండ్రు. పాలంపేట రామప్ప గుడి శాసనంది గూడ అదే ఏడు. గీత కింద రేచర్ల రుద్రుని పేరు రాసుకోండి, తేదీ మరువరు.

1208కి ఎర్ర రంగు. బాంబెర్గ్‌ల బెర్తోల్డ్ కొడుకు ఒట్టో పెండ్లి. అదే రోజు పెండ్లికూతురు చిన్నాన్న, జర్మనీ రాజు ఫిలిప్ హత్య. చంపింది విట్టెల్స్‌బాఖ్ ఒట్టో (ఇద్దరు ఒట్టోలను కలపకండి, ఏటా ఎవరో ఒకరు పెండ్లికొడుకునే హంతకుణ్ని చేస్తరు). అనుమానం మాత్రం పెండ్లికొడుకు అన్నదమ్ములు బిషప్ ఎక్‌బర్ట్, హెన్రీల మీద పడ్డది.

1248ల రెండో ఒట్టో, అంటే ఆ పెండ్లికొడుకు ఒట్టో కొడుకు, పిల్లల్లేకనే సచ్చిపోయిండు. ఇక్కడ గణపతిదేవుడు కొడుకుల్లేకుంటే బిడ్డ రుద్రమను గద్దెనెక్కించిండు. అక్కడ ఆస్తి ముక్కలైంది. గీత ఆపి బాణాలు వేయండి: న్యూరెంబర్గ్, ట్రూహెండింగెన్, ఓర్లాముండె ప్రభువులకు, ముగ్గురూ ఒట్టో అక్కచెల్లెండ్ల మొగుండ్లే. టిరోల్ దిక్కు బాణం పిల్లనిచ్చిన మామ ఆల్బర్ట్‌కు. ఒక్కో బాణం మీద ఊరి పేరుకంటే ముందు చుట్టరికం రాయండి.