కుదుపుల ఇంగ్లిష్ బస్సులోనే వచ్చేస్తుంది

ఇంగ్లిష్‌లో కుదుపుకి ఉన్న మాటలు లిస్టు రాసుకుని బట్టీ పడితే ఒక్కటీ నిలవదు. నేను మెహదీపట్నం వెళ్లే సిటీ బస్సులో, రాడ్ పట్టుకుని నిలబడి నేర్చుకున్నాను.

గుంతలో చక్రం పడి ఒళ్లంతా ఎగిరిపడిందా, అది జోల్ట్. క్లచ్ వదలగానే బండి ఒక్క గుంజు గుంజిందా, జెర్క్. మలుపులో బస్సు ఓ పక్కకి ఒరిగితే, మనం పక్కాయన మీదకి తూలితే లర్చ్. వెనకాల లారీ హారన్‌కి ఉలిక్కిపడితే స్టార్టిల్. ఎవరి మోచెయ్యో మొహం మీదకి వస్తోందని తల చటుక్కున వెనక్కి లాక్కుంటే ఫ్లించ్. దెబ్బ తగలకపోయినా ఫ్లించే.

జోల్ట్ మనసుకీ పనికొస్తుంది, పిడుగులాంటి వార్త విన్నప్పుడు.

జెర్క్‌తో మాత్రం జాగ్రత్త. మనిషిని అంటే అది తిట్టు. ఆఫీసుకి లేటై, బస్సు జెర్క్ ఇచ్చిందని చెప్పబోయి "డ్రైవర్ ఈజ్ ఎ జెర్క్" అనేశాను. అందరూ నవ్వారు. ఆ రోజు బ్రేకులు చూస్తే మరీ తప్పు కూడా కాదులెండి.

ఇంకోటి: "లీవ్ ఇన్ ద లర్చ్" అంటే నట్టేట్లో వదిలెయ్యడం. ఈ లర్చ్‌కీ తూలడానికీ చుట్టరికం లేదు. ఇది పాత ఫ్రెంచ్ ఆట ఒకదాని పేరు నుంచి వచ్చింది.