డబ్లిన్‌కి కొత్తగా వచ్చారా? పారిస్ టికెట్ కొనే ముందు ఇది చదవండి

డబ్లిన్ నుంచి పారిస్‌కి విమానంలో సుమారు 780 కిలోమీటర్లు, పావు తక్కువ రెండు గంటలు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళినంత కూడా కాదు. ఈ లెక్క చూసే మన కుర్రాడొకడు చవగ్గా టికెట్ దొరికిందని ఎగిరి గంతేసి, శుక్రవారం పొద్దున్నే బ్యాగు తగిలించుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికల్లా రూముకి తిరిగొచ్చాడు. వీసా లేదు. "ఐఆర్‌పీ కార్డు ఉంది కదన్నా" అంటాడు. ఐర్లండ్‌లో ఉండటానికి మనకిచ్చే రెసిడెన్స్ పర్మిట్ అది.

ఉంటే ఏం? ఐర్లండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది, యూరోలే వాడుతుంది, కానీ షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో, లేదు. జర్మనీలో చదివే మీ ఫ్రెండు అక్కడి రెసిడెన్స్ పర్మిట్‌తో పారిస్ వెళ్ళొస్తాడు. మన ఐఆర్‌పీ ఐర్లండ్ వరకే. వాడి ఫొటోలు చూసి మీరు టికెట్ కొనకండి, దండం పెడతాను.

లండన్ ఇంకా దగ్గర, అటూఇటూగా గంటంబావు. దానికి యూకే వీసా వేరే కావాలి. బెల్‌ఫాస్ట్‌కి బస్సులో రెండు గంటలే, బోర్డర్ దాటినట్టు కూడా తెలియదు. అయినా అదీ యూకేనే. "మమ్మల్ని ఎవరూ అడగలేదు" అనే సీనియర్ల మాట విని బస్సెక్కకండి. దారిలో చెకింగ్‌కి ఎక్కారంటే ఆ సీనియర్ వచ్చి విడిపించడు.

షెంజెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల కవర్ ఉన్న ఇన్సూరెన్స్ కూడా కావాలి. అసలు కష్టం అపాయింట్‌మెంట్ దొరకడం. సెలవుల ముందు స్లాట్లు ఉండవు. ఐఆర్‌పీ గడువు దగ్గరపడితే ముందు అది రెన్యూ చేసుకోండి. నా మొదటి నెలలన్నీ ఆ కార్డు కోసం ఎదురుచూడటంతోనే గడిచాయి. క్రిస్మస్‌కి రూమ్మేట్లంతా ఊళ్ళు తిరుగుతుంటే నేను ఖాళీ ఇంట్లో పప్పు, అన్నం వండుకున్నాను. వీసా ఫైల్లో పెట్టడానికి రద్దు చేస్తే డబ్బు వెనక్కొచ్చే రిజర్వేషన్ చాలు. చవక టికెట్ డబ్బు తిరిగి రాదు.

టికెట్ మీది టైములు చూసి కంగారుపడేవాళ్ళూ ఉన్నారు. పొద్దున 6:30కి ఎక్కితే 9:15కి దిగుతారని ఉంటుంది. పారిస్ గడియారం డబ్లిన్ కంటే గంట ముందు, అంతే. వచ్చేటప్పుడు గంటలోపే వచ్చేసినట్టు కనిపిస్తుంది. పారిస్ బోవే అని ఇంకా చవగ్గా కనిపించే ఎయిర్‌పోర్టు ఊరికి 80 కిలోమీటర్లు దాటి ఉంటుంది. అక్కడి నుంచి బస్సుకే గంటంబావు. షార్ల్ ద గాల్ ఎయిర్‌పోర్టులో దిగితే రైల్లో అరగంట దాటగానే ఊళ్ళో ఉంటారు. ఇంకోటి, కొన్ని చవక విమానాలవాళ్ళు మనలాంటి పాస్‌పోర్టులకి సెక్యూరిటీకి ముందే కౌంటర్లో పేపర్లు చూపించుకోమంటారు. ఫోన్లో బోర్డింగ్ పాస్ ఉంది కదా అని నేరుగా గేటుకి వెళ్తే అక్కడి నుంచి వెనక్కి పంపుతారు.

సరే, మరీ టెన్షన్ పడకండి. కాలేజీ లెటర్, బ్యాంక్ స్టేట్‌మెంట్ సరిగ్గా ఉంటే స్టూడెంట్లకి వీసా వస్తూనే ఉంది. తిరిగొచ్చేటప్పుడు ఐర్లండ్‌కి రీ-ఎంట్రీ వీసా కూడా అక్కర్లేదు, 2019లోనే తీసేశారు. గడువున్న ఐఆర్‌పీ కార్డు చాలు. దాన్ని మాత్రం రూములో వదిలేసి వెళ్ళకండి.